నెత్తిన పాపిడి ఉన్న పిల్ల మిడత: ఒక గుర్తింపు కేసు

ముందు నా తప్పు చెప్పేస్తాను. ఫోటో వచ్చిన రెండు నిమిషాల్లోనే "ఇది అక్రిడా పిల్ల" అని జవాబు కొట్టేశాను. అక్రిడా అంటే గడ్డిలో ఉండే సూదిమూతి మిడతల ప్రజాతి. అది తప్పని తెలియడానికి ఒక పూట, అసలుది ఏమిటో రూఢి చేసుకోవడానికి ఐదు వారాలు పట్టాయి. పురుగుల సర్వేలు చేస్తూ, జనం పంపే ఫోటోలకు పేర్లు చెబుతూ ఇన్నేళ్లు గడిపినా పిల్ల మిడతల దగ్గర ఇంకా బోల్తా పడుతూనే ఉన్నాను. అందుకే ఈ కేసును మొదటి నుంచి చివరిదాకా రాసి పెడుతున్నాను.

వచ్చిన కేసు

పక్షుల కోసం అడవి అంచుల్లో తిరిగే కుర్రాడొకడు అప్పుడప్పుడు నాకు పురుగుల ఫోటోలు పంపుతుంటాడు. ఆ రోజు పంపింది పక్క నుంచి తీసిన ఒకే ఒక్క ఫోటో. ఆకుపచ్చని చిన్న మిడత, ముందుకు సాగిన సూదిమూతి, వెనక్కి వాలిన ముఖం. రెక్కలు లేవు. పక్కన అగ్గిపుల్ల పెట్టి తీశాడు కాబట్టి పొడవు ఒకటిన్నర సెంటీమీటర్ల లోపే అని తెలుస్తోంది. కింద ఒక మాట: "అక్కా, దీన్ని ఎక్కడా చూడలేదు. దండు మిడత పిల్ల కాదు కదా?"

"ఎక్కడా చూడలేదు" అంటూ నాకు వచ్చే మిడతల్లో చాలావరకు మామూలు మిడతల పిల్లలే. పెద్దదాన్ని రోజూ చూస్తూ కూడా దాని పిల్లను ఎవరూ గుర్తుపట్టరు. పుస్తకాల్లో గుర్తింపు పట్టికలు పెద్ద మిడతల కోసం రాసినవి. రెక్క ఎంత పొడవు, వెనక రెక్క ఏ రంగు, మగదాని పొట్ట చివర భాగాలు ఎలా ఉన్నాయి అని అడుగుతాయి. పిల్లకు ఆ మూడూ ఉండవు. మెడ వెనక జీనులా కప్పుకుని ఉండే ప్రోనోటమ్ కూడా పిల్లలో పొట్టిగా ఉంటుంది, దాని వెనక అంచు పెద్దయ్యాక గానీ పూర్తి ఆకారానికి రాదు. అంటే పట్టికలో సగం ప్రశ్నలకు మన చేతిలో జవాబే ఉండదు.

ముందు, ఇది మిడతేనా, పిల్లేనా?

మిడత అన్నది తొందరగానే తేలింది. మీసాలు ఒంటి పొడవు కన్నా బాగా పొట్టివి. ఆకు మిడతలకూ కీచురాళ్లకూ మీసాలు వెంట్రుకల్లా సన్నగా, చాలాసార్లు ఒంటిని దాటి పోతాయి. మిడతలూ కీచురాళ్లూ ఉండే ఆర్థోప్టెరా క్రమాన్ని రెండుగా చీల్చే గీత ఇక్కడే ఉంది, పిల్లల్లో కూడా ఇది దాదాపు ఎప్పుడూ పనిచేస్తుంది.

పిల్లేనా అన్నది మాత్రం ఆగి చూడాల్సిన ప్రశ్న. రెక్కలు లేనంత మాత్రాన పిల్ల కాదు. పెద్దయ్యాక కూడా పొట్టి రెక్కలతోనో, అసలు రెక్కలు లేకుండానో ఉండే మిడతలు చాలా ఉన్నాయి. ఇక్కడ నాకు పనికొచ్చేది రెక్కల మొగ్గ. మిడత పిల్లలో మొదటి దశల్లో రెక్కల మొగ్గలు ఉరస్సు పలకల కింది మూలల్లో కిందికి జారిన చిన్న తమ్మెల్లా ఉంటాయి. పెద్దవడానికి ఇంకా రెండు దశలుందనగా అవి తిరగబడి వీపు మీదికి మళ్లుతాయి. అలా మళ్లినప్పుడు వెనక రెక్క మొగ్గ పైన ఉంటుంది, ముందు రెక్క మొగ్గ దాని కింద దాక్కుంటుంది. పెద్ద మిడతలో దీనికి సరిగ్గా తలకిందులు, ఎంత పొట్టి రెక్కయినా ముందు రెక్కే వెనక రెక్కను కప్పుతుంది. ఈ ఒక్క సంగతి తెలిస్తే పిల్లనూ పొట్టి రెక్కల పెద్దదాన్నీ కలిపేసుకోవడం దాదాపు ఉండదు.

ఫోటోను పెద్దది చేసి చూస్తే మొగ్గలు కిందికే ఉన్నాయి, వాటి మీద సన్నని నరాల గీతలు అప్పుడే మొదలవుతున్నాయి. అంటే ఇది పిల్ల, పెద్దది కావాలంటే ఇంకా మూడు కుబుసాలు విడవాలి.

ఇక్కడ పిగ్మీ మిడతల గురించి ఒక మాట. సెంటీమీటరుంటే గొప్ప అన్నంత చిన్నవి కావడంతో జనం వాటిని పిల్లలనుకుని పంపుతుంటారు. వాటి ప్రోనోటమ్ వెనక్కి సాగి పొట్ట మొత్తాన్ని కప్పేస్తుంది, ముందు కాళ్ల పాదాలకు రెండే కణుపులు. మన కేసులో ప్రోనోటమ్ మెడ దగ్గరే ఆగిపోయింది కాబట్టి ఆ అనుమానం లేదు.

దండు మిడత సంగతి

కుర్రాడి భయానికి కారణం ఉంది. తెలియని మిడత పిల్ల కనిపిస్తే చాలామందికి ముందు గుర్తొచ్చేది అదే. "దండు మిడత పిల్లలు నలుపు పసుపు రంగుల్లో ఉంటాయి, ఇది పచ్చగా ఉంది కాబట్టి కాదు" అని జవాబు చెప్పడం తేలిక. కానీ ఆ కారణం చెల్లదు. గుంపుగా పెరిగిన ఎడారి మిడత (ఇక్కడ దండు మిడత అంటున్నది దీన్నే) పిల్లలే నలుపు పసుపుల్లో ఉంటాయి, ఒంటరిగా పెరిగినవి పచ్చగానే ఉంటాయి. కీటక శాస్త్రవేత్త బోరిస్ ఉవరోవ్ 1921లో ప్రచురించిన పరిశోధనలో తేల్చింది ఇలాంటిదే. లోకస్టా అనే మరో దండు మిడతల ప్రజాతిలో రెండు వేరు జాతులుగా పేర్లు పెట్టుకున్నవి నిజానికి ఒకే జాతి, గుంపుకట్టిన రూపం ఒకటి, ఒంటరి రూపం ఒకటి. జాతి పేర్లే తారుమారైన చోట రంగును నమ్మి తీర్పు చెప్పకూడదు.

నేను చెప్పిన కారణం వేరు. ఎడారి మిడత తల పిల్లదశలో కూడా మొద్దుగా, గుండ్రంగా ఉంటుంది, ముఖం దాదాపు నిలువుగా ఉంటుంది. ఇక్కడ ముఖం ఏటవాలుగా వెనక్కి వాలి ఉంది. తల ఆకారం కుబుసం మారినంత మాత్రాన మొద్దు నుంచి సూదికి మారదు. కాబట్టి దండు మిడత కాదు. అంతవరకు సరిగానే చెప్పాను.

తొందరపడిన చోటు

సూదిమూతి, పచ్చరంగు, వాలు ముఖం కలిస్తే అక్రిడా. నా బుర్రలో ఆ మూడూ ఒక ముద్రలా అచ్చయిపోయి ఉన్నాయి. అందుకే రెండు నిమిషాల జవాబు.

సాయంత్రం అతనిచ్చిన వివరాలు మళ్లీ చదువుతుంటే ఒక మాట గుచ్చుకుంది. పిల్ల దొరికింది వెడల్పాకు మొక్క మీద, చుట్టూ ఆకులకు చిల్లులున్నాయట. అక్రిడాలు గడ్డి తినేవి. గడ్డి పరకల మధ్య పరకలా ఒదిగిపోవడానికే ఆ శరీరం. వెడల్పాకు మీద అక్రిడా కూర్చోకూడదని కాదు, ఎగిరి ఎక్కడైనా వాలవచ్చు. కానీ దాని పక్కన ఆకు కొరికి ఉంటే ఆలోచించాలి.

ఫోటో మళ్లీ తెరిచాను. అక్రిడా పిల్లకు వెనక కాళ్లు సన్నగా, విడ్డూరమనిపించేంత పొడుగ్గా ఉంటాయి, తొడ పొట్ట చివర దాటి పోతుంది. ఇక్కడ తొడ పొట్ట చివరి దాకా కూడా రాలేదు. అక్రిడా మీసాలు మొదలు దగ్గర వెడల్పుగా, కత్తి అలుగులా చదునుగా ఉంటాయి, ఇక్కడివి దాదాపు గుండ్రం. ఈ రెండూ మొదటి ఫోటోలోనే ఉన్నాయి. నేను తల చూశాను, పేరు చెప్పేశాను, మిగతా ఒంటిని చూడనేలేదు.

"తొందరపడ్డాను తమ్ముడూ, అది అక్రిడా కాదనుకుంటా. తల మీద నుంచి, ఛాతీ కింద నుంచి ఫోటోలు కావాలి" అని రాశాను.

"రేపు అటే వెళ్తా అక్కా. ఇవాళ ఇంకోటి కూడా తీశా, దీని తల్లి అనుకుంటా. వీపు మీద పిల్లని ఎక్కించుకుని ఉంది, చూడు."

వీపు మీద పిల్ల

ఆ ఫోటోలో అదే మొక్క మీద మరో సూదిమూతి మిడత ఉంది, మూడు సెంటీమీటర్లకు పైనే ఉంటుంది. దాని వీపు మీద అందులో మూడింట రెండొంతులుండే మరొకటి. చూడగానే తల్లీబిడ్డా అనిపించేలా ఉంది, ఎవరినీ తప్పుపట్టలేం. కానీ మిడతలు పిల్లల్ని పెంచవు. నేలలో గుడ్ల తిత్తి పెట్టి వెళ్లిపోతాయి, పిల్లలు వాటంతట అవే బతకాలి. పైన ఉన్నదానికి రెక్కలు పొట్ట చివర దాకా ఉన్నాయి, అంటే అది పూర్తిగా పెద్దది. మగది. ఈ జంట అట్రాక్టోమార్ఫా అనే మరో సూదిమూతి మిడతల ప్రజాతిది. అందులో మగది ఆడదాని కన్నా బాగా చిన్నది, వేరే మగవాటిని దగ్గరికి రానివ్వకుండా ఆడదాని వీపును పట్టుకుని చాలాసేపు వదలదు. ఎన్నోసార్లు చూసిన దృశ్యమే.

ఇక తేలిపోయిందనుకోవచ్చు. నేను అలా అనుకోలేదు, ఆ రోజు ఒకసారి దెబ్బతిన్నాను కాబట్టి కూడా. ఒక మొక్క మీద పెద్ద మిడత ఉంటే దాని పక్కనున్న పిల్ల దానిదే కానక్కర్లేదు. పక్కన దొరికిందన్నది అనుమానానికి దారి చూపుతుంది, సాక్ష్యం మాత్రం పిల్ల ఒంటి మీదే దొరకాలి.

పాపిడి

మర్నాడు అతను పిల్లను పట్టి తెచ్చాడు. ఇక్కడ నేను ఇంతకుముందెప్పుడో చేసిన ఇంకో తప్పు చెప్పాలి. వెనక కాలు పట్టుకుని మిడతను లేపితే అది కాలు వదిలేసి పోతుంది. దూకే కాలు మిడతకు మళ్లీ మొలవదు. అలా ఒంటి కాలితో వదిలేసిన పిల్లలు నా ఖాతాలో రెండున్నాయి. ఇప్పుడైతే గాజు గొట్టంలో వేసి ఐదు నిమిషాలు ఫ్రిజ్ కింది అరలో పెడతాను. మందకొడిగా మారిన పురుగును పల్చటి పారదర్శక కవరులోకి జార్చి, కవరు పైనుంచే స్కేలు పెట్టి కొలుస్తాను. తిప్పి పట్టుకుంటే కింది వైపు కూడా కనిపిస్తుంది.

పొడవు 14 మిల్లీమీటర్లు, వెనక తొడ 6. భూతద్దం కింద తలను పైనుంచి చూశాను. రెండు కళ్ల ముందు ముక్కోణంలా సాగిన నెత్తి భాగం, దాని కొసన మధ్యలో పాపిడి తీసినట్టు సన్నని గాడి. దీపాన్ని పక్కకు జరిపితే గాని ఆ గాడి నీడ పడదు, నేరుగా వెలుతురు పడితే మాయమైపోతుంది. పదిసార్లు దీపం అటూ ఇటూ జరిపి, ఉందని నాకు నేను ఒప్పించుకున్నాక అతన్ని చూడమన్నాను. ఏం చూడాలో చెప్పలేదు. "కొసన చీలినట్టుందేంటక్కా?" అన్నాడు. అక్కడితో నా సందేహం తీరింది.

ఆ పాపిడి పైర్గోమార్ఫిడే కుటుంబానికి గుర్తు. అక్రిడా ఉండే అక్రిడిడే కుటుంబంలో అది ఉండదు. దీనికి తోడుగా చూసేది వెనక తొడ మొదలు. తొడ ఒంటికి అతికే చోట పైన ఒక తమ్మె, కింద ఒక తమ్మె ఉంటాయి. అక్రిడిడేలో పైది పొడుగు. పైర్గోమార్ఫిడేలో కిందిది దానికి సమానంగానో, ఇంకా పొడుగ్గానో ఉంటుంది. మన పిల్లకు కిందిదే కాస్త ముందుకొచ్చింది. ముందు కాళ్ల మధ్య ఛాతీ మీద చిన్న గుబ్బ కూడా ఉంది, అక్రిడాకు అక్కడ నున్నగా ఉంటుంది. మూడు గుర్తులూ ఒకే వైపు చూపిస్తున్నాయి, మూడూ కుబుసంతో మారిపోయేవి కావు.

కుటుంబం నుంచి ప్రజాతికి రావడానికి ఎక్కువసేపు పట్టలేదు. కంటి వెనక నుంచి ప్రోనోటమ్ కింది అంచు వెంట లేత గులాబీ చార, ఆ చార మీద వరసగా తెల్లని గింజల్లాంటి చిన్న బొడిపెలు. బియ్యపు నూక అంటించినట్టుంది. కదురులా రెండు వైపులా సన్నబడిన ఒళ్లు, వాలు ముఖం, ఈ గింజల వరస కలిస్తే అట్రాక్టోమార్ఫా. ఆఫ్రికా నుంచి ఆసియా మీదుగా ఆస్ట్రేలియా దాకా ఉండే ప్రజాతి ఇది. అక్రిడా కూడా ఆ ప్రాంతాలన్నిటా ఉంటుంది కాబట్టి ఈ రెండింటినీ కలిపేసుకునేది నేనొక్కదాన్నే కాదని సర్దిచెప్పుకున్నాను.

పొట్ట చివర కింది వైపు రెండు జతల చిన్న కవాటాలు, మధ్యలో నొక్కు. ఆడపిల్ల. మగదైతే అక్కడ దోనె అడుగులా ఒకటే నున్నని పలక ఉంటుంది.

డబ్బాలో ఐదు వారాలు

ప్రజాతి తేలాక పెంచడం ఎందుకని అతను అడిగాడు. పిల్లను చూసి చెప్పిన పేరును పెద్దదాన్ని చూసి సరిచూసుకునే అవకాశం దొరికినప్పుడు నేను వదులుకోను. ఫోటోల మీద చెప్పే పేర్లలో నేను ఎన్ని తప్పు చెబుతున్నానో నాకు తెలిసే దారి అదొక్కటే.

పెంపకం పెద్ద కష్టమేమీ కాదు. ఎత్తైన ప్లాస్టిక్ డబ్బా, మూతకు బదులు దోమతెర, లోపల నిలువుగా రెండు పుల్లలు. దొరికిన మొక్క కొమ్మను చిన్న సీసా నీళ్లలో పెట్టి, సీసా మూతిని దూదితో బిగించాలి. లేకపోతే పిల్ల అందులో పడి చస్తుంది. డబ్బా ఎత్తు విషయంలో మాత్రం పిసినారితనం పనికిరాదు. కుబుసం విడిచేటప్పుడు మిడత తలకిందులుగా వేలాడుతుంది, పాత చర్మంలోంచి కిందికి జారడానికి దాని పొడవుకు రెండు మూడు రెట్లయినా ఖాళీ కావాలి. కింద నేల తగిలితే కాళ్లు వంకరపోయి అలాగే గట్టిపడిపోతాయి.

మొదటి రెండు రోజులు కొమ్మ పక్కన పచ్చగడ్డి కూడా పెట్టాను. గడ్డి జోలికే పోలేదు, ఆకుకు మాత్రం అంచు నుంచి కాక మధ్యలో చిల్లులు పెట్టుకుంటూ తింది. ఒక్క పురుగు తిండిని బట్టి పెద్ద తీర్పులు చెప్పను గానీ, నా మొదటి జవాబుకు ఇదింకో చెంపపెట్టు.

మొదటి కుబుసం తొమ్మిదో రోజు రాత్రి నేను పడుకున్నాక విడిచింది. పొద్దున చూస్తే తెరకు పాత చర్మం వేలాడుతోంది, మొగ్గలు తిరగబడి వీపు మీద చిన్న ముక్కోణాలుగా కూర్చున్నాయి. తొడ 6 నుంచి 7.8 మిల్లీమీటర్లకు వచ్చింది. ఇరవయ్యో రోజు రెండోది, తొడ 10.1. ప్రతి కుబుసానికీ ఇంచుమించు 1.3 రెట్లు. కీటకాల్లో తల వంటి గట్టి భాగాలు దశ దశకూ ఒకే నిష్పత్తిలో పెరుగుతాయని డయర్ అనే కీటక శాస్త్రవేత్త 1890లో రాశాడు. మొదట ఆయన చూసింది గొంగళిపురుగుల తలలే అయినా, మిడత తొడ కూడా ఇంచుమించు ఆ లెక్కనే నడుస్తుంది. ఇది గుర్తింపులో కూడా పనికొస్తుంది. పిల్ల తొడను ఇంకెన్ని కుబుసాలున్నాయో అన్నిసార్లు 1.3తో హెచ్చిస్తే పెద్దదాని తొడ సుమారుగా వస్తుంది, పట్టికలో ఉన్న కొలతకు దరిదాపుల్లో లేని పేర్లను అప్పుడే కొట్టేయొచ్చు. మన లెక్క ప్రకారం 13 మిల్లీమీటర్ల దగ్గర ఆగాలి.

విడిచిన చర్మాలను పారేయకండి. తల, మీసాలు, కాళ్లు, తొడ తమ్మెలు అన్నీ అందులో అచ్చుపోసినట్టుంటాయి. బతికున్న పురుగులా కదలదు, కాలు విదిల్చుకోదు. నెత్తిన పాపిడి నాకు అన్నిటికన్నా స్పష్టంగా కనిపించింది రెండో చర్మంలోనే.

చివరి కుబుసం ముప్పై నాలుగో రోజు తెల్లవారుజామున. ముందు రోజంతా ఏమీ తినలేదు కాబట్టి కాపు కాశాను. తెరకు తలకిందులుగా వేలాడి, గాలి మింగుతున్నట్టు ఒళ్లు ఉబ్బించింది. ప్రోనోటమ్ నడిమి గీత వెంట చర్మం చిట్లింది. ముందు వీపు వంపు, తర్వాత తల, దాని వెంట ఊపిరి బిగబట్టి లాగినట్టు మీసాలు. ముందు కాళ్లు, మధ్య కాళ్లు. వెనక కాళ్లు అన్నిటికన్నా ఆఖరున వచ్చాయి, ఉడికించిన సేమ్యాలా మెత్తగా. బయటపడ్డాక కాసేపు అలాగే వేలాడి, తర్వాత ఒక్కసారిగా మలుపు తిరిగి తను విడిచిన చర్మాన్నే పట్టుకుని పైకి పాకింది. అప్పటికి రెక్కలు పిండి ఆరేయని తడిగుడ్డ ముద్దల్లా ఉన్నాయి. నేను టీ పెట్టుకుని వచ్చేసరికి అవి పొట్ట దాటి సాగాయి. పిల్లదశలో పైన కూర్చున్న వెనక రెక్కలు ఇప్పుడు ముందు రెక్కల కిందికి చేరాయి.

తొడ 13.2.

ఎక్కడ ఆగాలి

రెండు రోజులాగి, ఒళ్లు గట్టిపడ్డాక, వెనక రెక్కను మెల్లగా విప్పి చూశాను. రెక్క మొదలు దగ్గర లేత గులాబీ. కుర్రాడు ఆనందంగా జాతి పేరు చెప్పేశాడు, ఎక్కడో ఫోటో చూశాడట. నేను రాయనివ్వలేదు. వెనక రెక్క మొదలు దగ్గర గులాబీ రంగు ఈ ప్రజాతిలో ఒకటి కన్నా ఎక్కువ జాతులకు ఉంది. జాతిని విడదీయాలంటే రెక్కల కొలతల నిష్పత్తులు, మగదాని జననాంగాలు చూడాలి. మన దగ్గర ఉన్నది ఒక్క ఆడది. ఆ వీపు మీది మగదాన్ని పట్టి ఉంటే కథ వేరు.

"ఐదు వారాలు పెంచి జాతి పేరు లేకుండానా?" అని మొహం ముడుచుకున్నాడు. తప్పు జాతి పేరుతో ఒక నమోదు ఉంటే దాన్ని నమ్మి ఇంకొకరు పటంలో చుక్క పెడతారు, తర్వాత దాన్ని తీయించడం పెట్టినంత తేలిక కాదు. ప్రజాతి దగ్గర ఆగిన నమోదు ఎవరికీ హాని చేయదు, మూడు చర్మాలూ ఫోటోలూ ఉన్నాయి కాబట్టి రేపు ఎవరైనా ముందుకు తీసుకెళ్లవచ్చు కూడా.

నమోదులో ఇలా రాశాం: పైర్గోమార్ఫిడే, అట్రాక్టోమార్ఫా, జాతి తేలలేదు. ఆడది. చివరి నుంచి మూడో పిల్లదశలో, వెడల్పాకు మొక్క మీద దొరికింది. పెంచి పెద్దదయ్యాక సరిచూశాం. నా మొదటి జవాబును కూడా కొట్టేయకుండా కింద ఉంచాను, తేదీతో సహా.

మిడతను దొరికిన మొక్క మీదే వదిలిపెట్టాం. అతను అప్పటి నుంచి మగదాని కోసం వెతుకుతున్నాడు. నిన్న "దొరికిందక్కా!" అంటూ ఫోటో పంపాడు. ఈసారి తల మీద నుంచి, పక్క నుంచి, కింద నుంచి, స్కేలు పెట్టి మరీ తీశాడు. ఫోటోలు బ్రహ్మాండంగా ఉన్నాయి. ఉన్నది మాత్రం పిగ్మీ మిడత.